కంపవాత పీడితులును ప్రభుత్వ ధర్మమును

పుంగనూరులో మాకు బాల్యమున శబ్దమంజరి చెప్పిన అయ్యవారొకరు గలరు. ఆయన వ్రాత ముత్యాలకోవ యని ఊరంతయు చెప్పుకొనెడిది. మేము పైచదువులకై ఊరు విడిచిన నాటినుండి సంవత్సరమునకు రెండు మూడు జాబులైనను వ్రాయుట ఆయన అలవాటు. ఆ జాబులన్నియు మాయొద్ద భద్రముగా నున్నవి. ఈ నడుమ నొకనాడు వానిని వరుసగా పేర్చి చూడగా నొక విషయము కంటబడినది. తొలి జాబులలో కార్డునకు పండ్రెండు పంక్తులకు మించి పట్టలేదు. పిమ్మటి జాబులలో అవియే పదునెనిమిదైనవి, ఇరువదైనవి. ప్రతి పంక్తియు పెద్ద అక్షరములతో మొదలై, కుడిచివరకు పోవునప్పటికి ఆవగింజలంతై ముగియుచుండెను. కార్డు పొదుపు చేయుచున్నారు కాబోలునని మేమనుకొంటిమి. నవ్వుకొంటిమి కూడ.

అక్షరములు ఇట్లు కుదించుకొనిపోవుట ఒక వ్యాధియొక్క తొలి గురుతులలో నొకటియని మాకు అప్పుడు తెలియదు. ఆయన ఇంటివారికిని తెలియదు. అడుగులు చిన్నవైనపుడు వార్ధక్యమనిరి. ముఖమునందు నవ్వు కనుమరుగైనపుడు, పెన్షను పుచ్చుకొన్నవారి బెంగ యనిరి. కుడిచేయి ఒడిలో నుండగానే బొటనవ్రేలు చూపుడువ్రేలిమీద మాత్ర నలిపినట్లు ఆడసాగినపుడు నరముల బలహీనత యని బలపు మందులు త్రావించిరి. నాలుగేండ్లు గడచిన పిదప బెంగుళూరిలో నొక వైద్యుడు, ఆయన గది తలుపు దాటి కుర్చీవఱకు నడచివచ్చు నంతలోనే, వ్యాధి పేరు చెప్పెను. పార్కిన్‌సన్ వ్యాధి. మన భాషలో కంపవాతము.

"పేరు దొరికినది గదా నాయనా, ఇంక దానిని పట్టుకొని ఏమి చేయవలెనో చెప్పేవాళ్లే లేరు" అని అయ్యవారు మాతో ననిరి. ఆ మాటయే ఈ వ్యాసమునకు మూలము. ఈ వ్యాధికి లోకమున పలుమారులు పేరు పెట్టబడినది. వైద్యుడు పెట్టెను, శాస్త్రజ్ఞుడు పెట్టెను, తుదకు మన శాసనకర్తలును పెట్టిరి. పేరు పెట్టుటకును రోగి యింటికి మందు చేరుటకును నడుమ నున్న దూరము మాత్రము నేటికిని తఱుగలేదు. ఆ దూరమెట్లు ఏర్పడినదో కొంచెము వెనుకకు పోయి చూతము.

మన ఆయుర్వేద గ్రంథములు వాతవ్యాధులను ఎనుబదిగా లెక్కించినవి. వానిలో వణకును చేర్చినవి. మాధవనిదానము సర్వాంగముల వణకును, శిరస్సు వణకును వేపథువు పేర వివరించినది. అంతకంటె మనకు దగ్గఱి గ్రంథము బసవరాజీయము. ఆంధ్రదేశపు వైద్యుల ఇండ్లలో తరతరములుగా నున్న యీ సంస్కృత గ్రంథమునకు తెలుగు తాత్పర్యము తోడైయున్నది. అందులో కంపవాతమని పేరు పెట్టియే లక్షణములు చెప్పిరి. చేతులు కాళ్లు వణకుట, నిద్ర చెడుట, బుద్ధి సన్నగిల్లుట. నిద్రాభంగము ఈ వ్యాధిలో ముఖ్యలక్షణమని పాశ్చాత్య వైద్యశాస్త్రము ఇటీవలనే గట్టిగా చెప్పుచున్నది. కావున ఆ పూర్వవైద్యుడు రోగి ప్రక్కన కొన్ని రాత్రులు కూర్చుండి యుండవలెనని మాకు తోచుచున్నది. ఐనను సమస్తమును మన పూర్వులకు ముందే తెలియునని చెప్పు వారితో మేము ఏకీభవింపము. లక్షణము నెఱుగుట వేఱు, కారణము నెఱుగుట వేఱు.

లండను నగరపు అంచున హాక్స్‌టన్ అను పేటలో జేమ్సు పార్కిన్‌సన్ అను వైద్యుడుండెను. 1755వ సంవత్సరము ఏప్రిలు 11వ తేదీన పుట్టినవాడు. ఏటేటా ప్రపంచ పార్కిన్‌సన్ దినమును జరుపుచున్నది ఆ తేదీననే. ఇతడు 1817లో వణకు పక్షవాతమును గూర్చి యొక చిన్న పొత్తమును ప్రకటించెను. అందులో చెప్పబడిన రోగులు ఆరుగురే. వారిలో కొందఱిని అతడు తన వైద్యశాలలో గాక వీధిలో చూచెను. ఒకనినైతే దూరమునుండి చూచుటయే గాని పరీక్షించుటకు వీలు పడలేదు. ఇంత స్వల్పమైన సామగ్రితో ఆయన చేసిన వర్ణన రెండువందల యేండ్ల తర్వాతను చెక్కుచెదరలేదు. ముందునకు వంగిన దేహము, నడక పరుగుగా మారుట, కదలక యున్నపుడు వణకు హెచ్చుట, ఇవన్నియు అందున్నవి.

పార్కిన్‌సన్ గూర్చి మన పాఠకులు తెలిసికొనదగిన మఱియొక సంగతి కలదు. అతడు సంస్కరణవాది. 'ఓల్డ్ హ్యూబర్ట్' అను మాఱుపేరుతో పేదల పక్షమున కరపత్రములు వ్రాసెను. సామాన్యులకు ఓటు హక్కు కావలెనని పోరాడిన సంఘములో సభ్యుడై, 1794లో రాజుగారి మంత్రాలోచన సభయెదుట సాక్ష్యము చెప్పవలసివచ్చెను. వీధిలో వంగి నడచు ముసలివానిని చూచి, త్రాగుబోతని తప్పుకొని పోక ఆగి ప్రశ్నించుటకు అట్టి మనస్సే కావలయును కాబోలు.

పిమ్మట సుమారు ఏబది యేండ్లు ఆ పొత్తము మఱుగున పడియుండెను. ప్యారిసు నగరమున షార్కో అను మహావైద్యుడు దానిని వెలికి దీసి, వణకు లేని రోగులును ఉందురని చూపి, వ్యాధికి పార్కిన్‌సన్ పేరు పెట్టెను. 1919లో ట్రెట్యాకోఫ్ అను పరిశోధకుడు మెదడు అడుగుభాగమున నల్లగా నుండు నొక చిన్న తావు ఈ రోగులలో వెలవెలబోవుచున్నదని కనుగొనెను. కదలికలకు కావలసిన డోపమీను అను రసాయనము పుట్టు కణములు అచ్చటనే యున్నవి. అవి సగమునకు పైగా నశించిన పిదపనే చేయి వణకుట, కాలు ఈడ్చుట బయటపడును. ఆ కణము లేల నశించునో పూర్తిగా తేలలేదు.

ఇప్పుడు కథ మన సీమకు వచ్చుచున్నది. దూలగొండి తీగను ఎఱుగని పల్లెటూరి పిల్లవాడుండడు. కాయపై నూగు తగిలిన దురదతో ప్రాణములు పోవును. మేమును చిన్నతనమున నొకనిపై ఆ నూగు చల్లి దెబ్బలు తిన్నవారమే. సంస్కృతమున దానికి కపికచ్ఛువనియు, ఆత్మగుప్తయనియు పేర్లు. దాని గింజలు వాతహర మందులలో చిరకాలముగా వాడుకలో నున్నవి. 1937లో మద్రాసున దామోదరన్, రామస్వామి అను నిరువురు రసాయన శాస్త్రజ్ఞులు ఆ గింజలనుండి లీవోడోపా అను పదార్థమును వేఱుచేసి, ఆ సంగతిని ఇంగ్లండునందలి జీవరసాయన పత్రికలో ప్రకటించిరి. మెదడులో డోపమీనుగా మారునది ఈ లీవోడోపాయే. కాని దానికిని కంపవాతమునకును సంబంధమున్నదని నాడు ప్రపంచమున నెవ్వరికిని తెలియదు. 1957లో స్వీడనులో కార్ల్‌సన్ చేసిన ప్రయోగములును, 1960లో వియన్నాలో హార్నికీవిచ్ చనిపోయిన రోగుల మెదళ్లను పరీక్షించి డోపమీను లోపమును చూపుటయు, 1961లో లీవోడోపాను సూదిమందుగా ఇచ్చుటయు, 1967లో అమెరికాలో కొట్జియాస్ దానిని నోటి మందుగా మెలమెల్లగా హెచ్చించి యిచ్చి మంచమునందున్నవారిని నడిపించుటయు, ఇవన్నియు కలిసిన తర్వాతనే ఆ మందు మందైనది. మద్రాసు సీసాలో పదార్థము చిక్కిన తర్వాత రోగి లేచి నడచుటకు ముప్పది యేండ్లు పట్టినది. నేడు కార్బిడోపాతో కలిపి మాత్రగా ఇచ్చుచున్నారు. అరువది యేండ్లు కావచ్చుచున్నను దీనిని మించిన మందు రాలేదు. (దూలగొండి గింజలను ఇంటిలో నూరి త్రాగుటకు ఎవరును పూనుకొనరాదు. గింజగింజకును మోతాదు మారును. అప్పటికే మాత్రలు వేసికొనుచున్నవారికి అది అపాయకరము.)

మన దేశపు శాసనములో ఈ వ్యాధికి చోటు దొరకుట మఱింత ఆలస్యమైనది. 1995 నాటి వికలాంగుల చట్టము ఏడు విధముల వైకల్యములనే గుర్తించెను. అందు కంపవాతము లేదు. 2016లో పార్లమెంటు చేసిన వైకల్యము గలవారి హక్కుల చట్టము 2017 ఏప్రిలులో అమలునకు వచ్చినది. అది ఇరువదియొక్క వైకల్యములను పేర్కొని, దీర్ఘకాలిక నరముల వ్యాధుల క్రింద మల్టిపుల్ స్క్లీరోసిసుతో పాటు పార్కిన్‌సన్ వ్యాధిని పేరు పెట్టి చెప్పెను. ఈ వ్యాధి యొక జబ్బు మాత్రమే కాదు, ప్రభుత్వము ఆదుకొనవలసిన వైకల్యమని మన దేశపు చట్టము అంగీకరించినది అప్పుడే. ఉద్యోగములో నుండగా వైకల్యము పొందిన ప్రభుత్వోద్యోగిని తొలగింపరాదు, హోదా తగ్గింపరాదు అని ఆ చట్టములోని 20వ విభాగము చెప్పుచున్నది. 24వ విభాగము సాంఘిక భద్రతను గూర్చినది. వైకల్యము గలవారికిచ్చు సహాయము ఇతరులకిచ్చుదానికంటె నూటికి ఇరువదియైదు వంతులైనను హెచ్చుగా నుండవలెననియు, ఎక్కువ ఆసరా కావలసినవారి విషయమున పరిచర్య చేయువారికి భత్యము ఉండవలెననియు అందున్నది. మంచి మాటలు. ఆ మాటలు మా మూడు ఊళ్లలో ఏ మేరకు నడచివచ్చినవో చెప్పెదము.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము, ఈ మూడును చిత్తూరు సీమ పడమటి అంచున పీఠభూమిపై నున్న ఊళ్లు. కుప్పమునకు ఒకప్రక్క తమిళదేశము, ఒకప్రక్క కన్నడదేశము. ఈ ప్రాంతపువారు నరముల వ్యాధి వచ్చినచో తూర్పునకు వేలూరికో, పడమరకు బెంగుళూరికో పోవుదురు. కుప్పము వారికి రైలు కలదు. పుంగనూరు వారు ములబాగలు మీదుగా బస్సెక్కవలెను. బెంగుళూరిలో 1974లో ఏర్పడిన నిమ్‌హాన్స్ సంస్థ పేదలపాలిటి దేవాలయము వంటిదే. మేము దానిని నిందింపము. కాని కదలిక చెడుటయే వ్యాధియైన మనుష్యుని, మందు చీటి మార్పించుటకై తెల్లవారుజామున లేపి, తోడుగా నొక కొడుకు కూలిని పోగొట్టి, రాష్ట్రము దాటింపవలసి వచ్చుచున్నది. మొదటి రెండు పర్యాయములు పోవుదురు. మూడవమాఱు కొడుకు ఒక్కడే పాత చీటితో పోవును. నాలుగవమాఱు ఎవరును పోరు.

మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేతకు పేరొందినది. అచ్చటి మగ్గముముందు కూర్చుండువానికి చేతివణకు వచ్చినచో 20వ విభాగము ఏమి రక్షణ నీయగలదు? అతడు ప్రభుత్వోద్యోగి కాడు గదా. పోగు అతుకలేడు, పలక త్రొక్కుట ఆలస్యమగును, చీర చెడిపోవును. మా అయ్యవారికి పెన్షను వచ్చుచున్నది. నేతగానికి చేయియే పెన్షను.

ఇంక ధ్రువపత్రము సంగతి. చట్టము క్రింద సహాయము పొందవలెనన్న వైకల్యము నూటికి 40 వంతులకు తగ్గక యున్నదని వైద్యులు పత్రమీయవలెను. ఇందొక చిక్కున్నది. లీవోడోపా కొన్ని యేండ్లు వాడిన పిమ్మట, మాత్ర వేసికొన్న గంటకు రోగి కొంతసేపు చక్కగా తిరుగాడును. మందు బలము తగ్గగానే నిలిచినచోటనే బిగిసిపోవును. ఒకే దినమున ఒకే మనుష్యుడు రెండు మూడు మారులు ఆరోగ్యవంతుడును, రెండు మూడు మారులు మ్రానును అగుచుండును. మా అయ్యవారిని ఈ పత్రముకొఱకు మేమే ఒక శిబిరమునకు తోడ్కొనిపోతిమి. ఏ ఊరో చెప్ప బనిలేదు. ఉదయము ఎనిమిదింటికి బయలుదేరవలెను గనుక అమ్మగారు మాత్ర వేసి పంపిరి. వరుసలో రెండు గంటలు కూర్చుంటిమి. ఆయన వంతు వచ్చునప్పటికి మందు మంచి బలముమీద నున్నది. పరీక్షకుడు "లేవండి, నడవండి, చేతులు చాపండి" అనెను. అయ్యవారు లేచిరి, నడచిరి, చేతులు చాపిరి. పెద్దమనుష్యులయెదుట నిటారుగా నిలువవలెనను పాతకాలపు మర్యాద యొకటి ఆయనలో నున్నది. వ్రాయుమని కాగితమిచ్చిరి. వ్రాసిరి. ఆ చిన్న అక్షరములను చూచి పరీక్షకుడు "మీ వ్రాత బాగున్నదే" అని మెచ్చుకొనెను. నూటికి 40 రాలేదు. మధ్యాహ్నము తిరిగివచ్చునపుడు బస్సు మెట్టుమీద ఆయన కాలు నేలకు మేకు కొట్టినట్లు నిలిచిపోయినది. వెనుకనున్నవారు కసరుకొనిరి. ఇరువురము పట్టి ఎక్కించితిమి.

ఆ పరీక్షకుని తప్పు మేమెంచము. ఆయనకు వరుసలో నూఱుమంది యుండిరి. తెగిన కాలును, గ్రుడ్డికన్నును ఏ గంటకు చూచినను ఒక్కటే. గంటగంటకు మారు వైకల్యమును ఒక్క చూపుతో కొలుచు పద్ధతియే తప్పు. మందు బలముమీద నున్నపుడొకమాఱును, లేనపుడొకమాఱును చూడవలెననియు, ఇంటివారు వ్రాసిన దినచర్యను లెక్కలోనికి తీసికొనవలెననియు, నడువలేనివారిని ఇంటికి పోయి పరీక్షింపవలెననియు ప్రభుత్వము ఆజ్ఞ చేయుటకు బొక్కసమునుండి పెద్దగా సొమ్ము కదలనక్కఱలేదు. 2025లో మన రాష్ట్రమున వైకల్యపు పింఛనులను మరల పరిశీలించినపుడును ఈ విషయమే మాకు తలపునకు వచ్చినది. అనర్హులను ఏరివేయుట న్యాయమే. కాని మాత్ర ప్రభావమున నొక గంట నడచినవాడు అనర్హుడు కాడు.

పత్రము వచ్చినచో ఏమి లభించును? 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వైకల్యపు పింఛనును నెలకు 3,000 రూపాయలనుండి 6,000కు పెంచెను. పక్షవాతముచే మంచమునకో, చక్రముల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 నిర్ణయించెను. ఇది మెచ్చదగిన పని. అయితే ఆ హెచ్చు మొత్తపు పట్టికలో పక్షవాతము, కండరముల క్షీణత మొదలగునవి పేరుతో నున్నవి గాని కంపవాతము లేదు. తుది దశలో నీ రోగి ప్రక్కకు దొర్లలేడు, మ్రింగలేడు, మాట పెగలదు. మంచమునందున్నవానికి మంచము నొక్కటే, వ్యాధి పేరు ఏదైననేమి? ఆ పట్టికలో ఒక పంక్తి చేర్చవలెనని కోరుట గొంతెమ్మ కోరిక కాదు.

ప్రభుత్వము ఒక దీర్ఘరోగమును ఇంటింటికి వెంబడించి పోషింపగలదా యని సందేహించువారికి దూరదేశపు దృష్టాంతము లక్కఱలేదు. మదనపల్లె ప్రక్కన నున్న ఆరోగ్యవరమునకు పోయి చూడుడు. గత శతాబ్దపు రెండవ దశకమున పలు మిషను సంఘములు కూడి అచ్చట క్షయరోగుల ఆరోగ్యాశ్రమమును నెలకొల్పెను. క్రిస్టియన్ ఫ్రిమొట్-మొల్లర్ అను డేనిషు వైద్యుడు దానిని నడిపెను. పీఠభూమి పొడిగాలి, పాలు, గ్రుడ్లు, విశ్రాంతి, ఇదియే నాటి చికిత్స. దక్షిణదేశపు నలుమూలలనుండి రోగులు వచ్చి నెలలతరబడి, ఏండ్లతరబడి యుండెడివారు. మా తాతలనాడు మదనపల్లె యన్న క్షయ యని తలచి ఊరి పేరెత్తుటకే కొందఱు జంకెడివారట. 1950 తర్వాత బి.సి.జి. టీకా ఫలితములను పరీక్షించు ప్రయత్నమును ఆ చుట్టుపట్ల పల్లెలలోనే జరిగెను.

ఇంతలో మందులు వచ్చెను. మందులు వచ్చినను పడకలెన్ని కట్టగలరు? 1956లో మద్రాసున స్థాపితమైన క్షయచికిత్సా పరిశోధన కేంద్రము ఒక సాహసము చేసినది. రోగులను రెండు భాగములు చేసి, సగముమందిని ఆరోగ్యాశ్రమమున నుంచి, సగముమందికి ఇఱుకిండ్లలో, అరకొఱ తిండితో, వారి ఇంటిలోనే మందిచ్చి చూచినది. 1959లో ఫలితము వెలువడినది. ఇంటి చికిత్స ఆశ్రమ చికిత్సకు తీసిపోలేదు, ఇంటివారికి వ్యాధి అంటుటయు హెచ్చలేదు. ఆ ఒక్క ప్రయోగము లోకమంతట క్షయచికిత్స తీరును మార్చెను. 1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమము ఆరంభమైనది. నేడు క్షయరోగికి మందు ఉచితము, అది ఊరికే వచ్చును. 2018నుండి ఆహారమునకై నెలకు 500 రూపాయలు, 2024 నవంబరునుండి 1,000 రూపాయలు రోగి పేర బ్యాంకులో పడుచున్నవి. ఆరోగ్యవరము నేడు సామాన్య వైద్యశాలగా నడచుచున్నది.

క్షయ అంటువ్యాధి, కావున ప్రభుత్వము భయపడి పనిచేసినది, కంపవాతము అంటదు, కావున నెవరికిని భయము లేదు, అని మిత్రుడొకడు మాతో ననెను. ఆ మాటలో సత్యమున్నది. ఐతే రక్తపు పోటును, మధుమేహమును అంటువ్యాధులు కావు గదా. వానికి 2010లో కేంద్రప్రభుత్వము కార్యక్రమము నేర్పరచినది, ఆశా కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి జాబితాలు వ్రాయుచున్నారు. ఆ జాబితాలో మఱి రెండు ప్రశ్నలు చేర్చిన చాలును. ఊరక యున్నపుడు చేయి వణకుచున్నదా? నడక నెమ్మదించినదా? ఔనన్నవారిని వైద్యునికి చూపవలెను. బెంగుళూరు చుట్టుపట్ల జిల్లాలో ఇంటింటి పరీక్ష జరిపి 2004లో ప్రకటించిన లెక్కప్రకారము లక్షమందికి సుమారు 33 మంది ఇట్టివారు తేలిరి. మనది దాని పొరుగుసీమయే. ఇంత కొద్దిమందికై ప్రత్యేకముగా కార్యక్రమమేల యని కొందఱందురు. కొద్దిమందియే గనుక వ్యయమును కొద్దియే యని మా ఉత్తరము. మఱియు ఈ సంఖ్య నిలిచియుండునది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2019నాటికి లోకమున 85 లక్షలకు పైగా రోగులున్నారు. ఇరువదియైదేండ్లలో ఇది రెట్టింపైనది. ఆయువు పెరిగినకొలది వ్యాధియు పెరుగును.

లీవోడోపా-కార్బిడోపా మాత్ర మన దేశపు అత్యవసర ఔషధముల పట్టికలో నున్నది. పట్టికలో నుండుట వేఱు, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు బీరువాలో నుండుట వేఱు. ఈ మందు రోజునకు మూడు నాలుగు మారులు, తప్పక, గడియారము చూచి వేయవలసినది. అన్నమునకు అరగంట ముందు వేసికొనవలెను, పప్పు పాలు మాంసములలోని మాంసకృత్తులు దాని బలమును అడ్డగించును. హఠాత్తుగా మానివేసినచో దేహము బిగిసి జ్వరము వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. కావున "ఈ నెల స్టాకు లేదు, వచ్చే నెల రండి" అను మాట రక్తపు పోటు మందు విషయమునందే చెడ్డది, దీని విషయమున మఱింత చెడ్డది. మెదడులో తీగలు నాటు శస్త్రచికిత్సను గూర్చి పత్రికలు పుంఖానుపుంఖములుగా వ్రాయుచున్నవి. అది కొందఱికి మేలు చేయును, మేము కాదనము. పుంగనూరు రోగికి మొదట కావలసినది తీగ కాదు, మాత్ర.

వైద్యుడెక్కడ? నరముల వైద్యనిపుణుని ప్రతి తాలూకాకు పంపుట నేటికి సాధ్యము కాదు. కాని కుప్పమున వైద్యకళాశాల యున్నది. దూరమునుండి ముఖము చూచి మాటలాడు వైద్యపద్ధతి ఈ-సంజీవని పేర 2019నుండి దేశమున నడచుచున్నది. ఈ వ్యాధిలో నాడి పట్టుకంటె నడక చూచుట ముఖ్యము గనుక ఆ పద్ధతి దీనికి మిక్కిలి తగినది. పుంగనూరు ఆరోగ్యకేంద్రపు వసారాలో రోగిని పదడుగులు నడిపించి చూపినచో బెంగుళూరు వైద్యుడు మోతాదు మార్చగలడు. సంవత్సరమున కొకమాఱు స్వయముగా చూచిన చాలును.

మన గృహములందలి స్త్రీల పాలు ఇందెంతయో చెప్పక ఈ వ్యాసము ముగింపరాదు. అయ్యవారి ధర్మపత్నికి డెబ్బది దాటినవి. రాత్రి నాలుగు మారులు లేచి ఆయనను ప్రక్కకు త్రిప్పును. చొక్కా గుండీలు పెట్టును. అన్నము మెత్తగా పిసికి, ఒక్కొక్క ముద్ద మ్రింగువఱకు కనిపెట్టియుండును. "మీకెవరు సాయము, అమ్మగారూ?" అని మేమడిగితిమి. "నాకేమయ్యా, నేను బాగానే ఉండానే" అనిరి. ఆమె నడుము వంగినది మేము చూచుచునే యుంటిమి. చట్టములోని పరిచర్య భత్యము ఆమె కొఱకు వ్రాయబడినది. కేరళదేశమున ఆశ్వాసకిరణమను పథకముక్రింద ఇట్టి పరిచారకులకు నెలసరి సహాయ మేర్పఱచిరి. 2008లోనే ఆ రాష్ట్రము ఇంటికి పోయి ఉపశమన చికిత్స చేయు విధానమును ప్రకటించి, పంచాయతీల నందు పాల్గొనజేసినది. మొత్తము కొద్దియే కావచ్చును. కాని ఆమె చేయునది పనియే యని ప్రభుత్వము ఒప్పుకొన్నట్లగును. ఆ ఒప్పుకోలు మన రాష్ట్రమున ఇంకను జరుగవలసియున్నది.

అమెరికాలో 2024 జూలైలో ఈ ఒక్క వ్యాధికై జాతీయ ప్రణాళిక నేర్పరచు చట్టము చేసిరి. ప్రపంచ ఆరోగ్య సభ 2022లో నరముల వ్యాధులకై 2031 వఱకు నొక కార్యప్రణాళికను ఆమోదించినది, అందు మన దేశమును భాగస్వామియే. ఆ ప్రణాళికలు కర్షకుల మందుల సంగతియు తడవుచున్నవి. పారాక్వాటు వంటి కొన్ని పురుగు మందులకును, కలుపు మందులకును ఈ వ్యాధితో సంబంధమున్నట్లు పెక్కు పరిశోధనలు చూపుచున్నవి. పారాక్వాటు ఐరోపా సమాఖ్యలో 2007నుండి నిషిద్ధము. మదనపల్లె టమాటా తోటలలో ముఖమునకు గుడ్డయైనను కట్టక మందు చల్లు కూలివానిని చూచినపుడెల్ల మాకీ సంగతి జ్ఞప్తికి వచ్చును. దీనిని గూర్చి వేఱొక వ్యాసము వ్రాయవలసియున్నది.

వచ్చే నెలలో ధ్రువపత్ర శిబిరము మరల జరుగునని తెలిసినది. అయ్యవారు మొదట రానని పట్టుబట్టి, పిదప ఒప్పుకొనిరి. ఈమాఱు అమ్మగారు ఒక నోటుపుస్తకమున మూడువారములుగా గంటగంటకు వ్రాసి పెట్టుచున్నారు. ఆఱు గంటలకు మాత్ర, ఏడింటికి నడక, తొమ్మిదిన్నరకు బిగింపు, పదింటికి మాత్ర. ఆమె చదువు ఐదవ తరగతి. అక్షరములు పెద్దవిగా, గుండ్రముగా, పుటకు పది పంక్తులుగా నున్నవి. ఆ పుస్తకమును పరీక్షకుని బల్లమీద నుంచుటకు మేమును వెంట పోవుచున్నాము.